గది: చీకటి

సెప్టెంబరు 3

లైటు ఆర్పే ఉంది. నాకు బాగా గుర్తు.

సెప్టెంబరు 4

నిన్న ఆ రెండు వాక్యాలు రాసి పుస్తకం మూసేశాను. ఈరోజు వరుసగా రాస్తాను. వరుసగా రాస్తే నా తప్పు లేదని నాకే తెలుస్తుంది.

అమ్మ పదేళ్ళుగా రత్తమ్మ దగ్గరే చేపలు కొంటోంది. నేను రాజమండ్రి ఆటో ఎక్కే వేళకి రోజూ ఆమె ధవళేశ్వరంలో మా అరుగు మీద కత్తిపీట వేసుకుని కూర్చుని ఉంటుంది. కుడికన్ను మసకగా ఉంటోందని ఆగస్టులో అంది. మా దుర్గ పనిచేసేది కంటి ఆసుపత్రిలోనే గదా, వెళ్ళు, దగ్గరుండి చూపిస్తుంది అని అమ్మ చెప్పింది. ముప్పయ్యో తారీకు శుక్రవారం రత్తమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

నా పని స్కాన్ తియ్యడం. జూలైలో వచ్చిన కొత్త మిషను. కంట్లో ఊరిన నీరు బయటికి పోయే దారిని ఫొటో తీస్తుంది. నల్లగుడ్డు తెల్లగుడ్డుతో కలిసే మూలలో జల్లెడలాంటి కండ ఉంటుంది. దాని వెనక వెంట్రుకంత కాలువ. పాత మిషన్లో అక్కడంతా బూడిదరంగు మసక. దీన్లో జల్లెడ గరుకు కూడా కనబడుతుంది, కాలువ నల్లటి గీతలా కనబడుతుంది. ఆ మూల తెరిచి ఉంటే నీరు పోతుంది. లోపలి పొర ముందుకు జరిగి దాన్ని మూసేస్తే నీరు పోదు, కన్ను బిగుసుకుపోతుంది. మనవాళ్ళు నీటికాసులు అంటారు.

స్కాన్ చీకట్లో తియ్యాలి. వెలుతురులో కంటిపాప చిన్నదై, ఆ పొర మూల నుంచి వెనక్కి లాగబడుతుంది. ఇరుకు మూల కూడా తెరిచినట్టే కనబడుతుంది. అందుకే ఫారంలో ఒక గడి ఉంది. గది: చీకటి, వెలుతురు. నేను చీకటి దగ్గర టిక్ పెట్టాను.

రత్తమ్మ మూల తెరిచే ఉన్నట్టు వచ్చింది. సురేంద్ర సార్ ఫొటో చూసి, పాప పెద్దది చేసే చుక్కలు వెయ్యమన్నారు. మూల ఇరుకుగా ఉన్నవాళ్ళకి ఆ చుక్కలు ప్రమాదం. ఆమెకి ఇరుకు లేదని స్కాన్ చెప్పింది గదా. వేశారు. లోపల చూసి శుక్లమే అన్నారు, దసరా వెళ్ళాక ఆపరేషను అన్నారు. ఇంటికి వెళ్ళింది.

ఆ సాయంత్రం తలనొప్పి, వాంతులు. పులసల రోజులు, గంపతో ఎండలో తిరిగినందుకే అనుకుందట. మందుల షాపు అతను గ్యాసుకి ఇంజెక్షను చేశాడట. శనివారం అమ్మకానికి కూడా వెళ్ళింది. ఆది, సోమ పడుకునే ఉంది. నిన్న కొడుకు వీరబాబు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. కుడికన్ను చింతనిప్పులా ఉంది, రెప్ప మీద నుంచి తాకితే గోళీలా గట్టిగా ఉంది. సార్ మందులిచ్చి నీటి ఒత్తిడి దించారు. ఎడమకంటికి అలా కాకుండా లేజరుతో చిన్న రంధ్రం పెట్టారు. అది బాగానే ఉంది. కుడికంటికి టార్చి వేసి వెలుతురు ఎటునుంచి వస్తోందని అడిగారు. రత్తమ్మ అన్ని వైపులకీ చెయ్యి చూపించింది.

ఇదీ వరుస. నా వంతు పని నేను చేశాను. లైటు ఆర్పే ఉంది.

సెప్టెంబరు 5

ఆర్పే ఉంది. టిక్ కూడా ఉంది.

సెప్టెంబరు 7

వినాయక చవితి. సెలవు. పత్రి ఏరుతూ అమ్మ రెండుసార్లు అంది, పాపం మనమే పంపాం అని. మూడోసారి, అయినా మంచికే గదా పంపాం అంది. దాంతో ఆవిడ మనసు కుదుటపడింది, ఉండ్రాళ్ళ పిండి కలుపుకుంది.

లైబ్రరీ పుస్తకం తీసుకుని కూర్చున్నాను. నలభై ఒకటో పేజీ. మధ్యాహ్నానికి కూడా నలభై ఒకటో పేజీ.

సెప్టెంబరు 9

వీరబాబు ఒక్కడే వచ్చాడు. వల పనికి వెళ్ళే మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. గొడవకి వచ్చాడని రిసెప్షన్లో అనుకున్నారు. అతను అడగడానికి వచ్చాడు.

సార్ నన్ను పిలిచారు. దుర్గాశ్రీ గారూ, ఆ స్కాన్ ఒకసారి చూపించండి, మీరైతే వివరంగా చెబుతారు అన్నారు. స్క్రీను మీద రత్తమ్మ కుడికన్ను తెరిచాను. అతను వంగి చూశాడు.

"ఈ నల్లగా ఉన్నదేంటండి?"

"కాలువండి. కంట్లో నీరు పోయేది."

"తెరిచే ఉంది గదండి?"

"ఉందండి."

"మరి నీరెందుకు పోలేదండి?"

నేను సార్ వైపు చూశాను. వేలల్లో ఒకరికి ఇలా అవుతుంది, స్కాన్ బాగున్నా అవుతుంది, ఎవరి చేతుల్లోనూ లేదు అని సార్ మెల్లగా, మర్యాదగా చెప్పారు. వీరబాబు తల ఊపాడు. వెళ్ళేటప్పుడు నాకు దణ్ణం పెట్టాడు. అంత ఖరీదు మిషను మాలాంటోళ్ళకి కూడా పెట్టి చూశారండి, అన్నాడు.

దణ్ణం పెట్టాడు. నాకంటే ఐదారేళ్ళు పెద్దవాడు.

సెప్టెంబరు 10

అతను అడిగిన ప్రశ్న మంచి ప్రశ్న. అందుకే భోజనాల వేళ ఎవరూ లేకుండా చూసి ఆ ఫొటో మళ్ళీ తెరిచాను. ఇన్నాళ్ళూ మూలనే చూశాను. మూల చూడటమే నా పని. ఈరోజు ఫొటో మధ్యకి వచ్చాను. కంటిపాప కొలిచాను.

2.6 మిల్లీమీటర్లు.

చీకట్లో ఆ వయసు వాళ్ళకి నాలుగున్నర, ఐదు ఉంటుంది.

పాప చిన్నగా ఉండేవాళ్ళు కొందరు ఉంటారు. పుస్తకంలో కూడా ఉంది. పుట్టుకతోనే ఉంటారు.

ఆమె ముందు స్కాన్ అయిన ఆయనది 2.4. ఆమె తర్వాత ఆమెది 2.8. ఆగస్టు పదిహేడున ఒక టీచరుగారిది 2.5. జూలై ఇరవై తొమ్మిదిన ఒకాయనది 3.0. ఈ రెండు జిల్లాల్లో పుట్టుకతో పాప చిన్నగా ఉన్నవాళ్ళందరూ మా ఆసుపత్రికే వచ్చారు అనుకోవాలి.

ఫారం నేను నింపాను. ఫొటో మిషను తీసింది.

సెప్టెంబరు 11

లైటు వేసి ఉంది.

కారణం రాస్తాను. స్కూల్లో సిస్టర్ లూర్దు చెప్పేది, మగవాళ్ళతో గదిలో ఉండాల్సి వస్తే తలుపు తీసి ఉండాలి, లైటు వేసి ఉండాలి అని. సంగీతం మాస్టారు లాజరు గారు వచ్చిన రోజు సిస్టరే స్వయంగా తలుపుకి ఇటుక అడ్డం పెట్టేది. ఆయనకి డెబ్బై ఏళ్ళు, హార్మోనియం కూడా రెండు చేతులతో ఎత్తలేరు. అయినా ఇటుక ఉండేది. పదేళ్ళు ఆ బళ్ళో చదివాను. అలవాటు పోదు.

మా స్కాన్ గది ఒకప్పుడు దుప్పట్లు పెట్టుకునే కొట్టు. కిటికీ లేదు. నేను స్టూలు అడ్డం పెట్టి తలుపు తీసి ఉంచుతాను, ట్యూబులైటు వేసి ఉంచుతాను. సిస్టర్ చెప్పినట్టే. మిషనుకి చీకటి అక్కర్లేదు, వెలుతురులోనూ ఫొటో శుభ్రంగానే వస్తుంది.

ఎంత శుభ్రంగా వస్తుందంటే, ఎవరికీ అనుమానం రాదు.

రత్తమ్మ ఆడమనిషి. సిస్టర్ చెప్పినది ఆమెకి వర్తించదు. అది ఇప్పుడు రాస్తుంటే తట్టింది.

సెప్టెంబరు 13

నాన్న లాకుల దగ్గర లస్కరు. పొద్దున్న ఆరింటికి కాలువలో నీరు ఎన్ని అడుగులుందో గేజి చూసి పుస్తకంలో రాసి ఆఫీసుకి ఫోను చెయ్యాలి. ఈరోజు టిఫిను దగ్గర, కొత్తగా చేరిన కుర్రాడు మంచం మీద నుంచే గేజి చెప్పేస్తున్నాడని నవ్వుతూ చెప్పాడు. తనూ ఆ వయసులో అలాగే చేసేవాడట. నిన్న ఎంతో ఈరోజూ అంతే రాసేసేవాడట. ఒక ఏడు రాత్రికి రాత్రి రెండడుగులు పెరిగింది, నాన్న పాత అంకే రాశాడు, కింద ఆకుమళ్ళు మునిగిపోయాయి.

నిన్నేమీ అనలేదా అని అడిగాను.

"పుస్తకం శుభ్రంగా ఉంటే కాలవ దగ్గరికొచ్చి ఎవడు చూస్తాడమ్మా," అన్నాడు నాన్న. ఇంకో ఇడ్లీ వేసుకున్నాడు.

ఎవరి మళ్ళో అడగలేదు. ఆయన కూడా అప్పుడు అడిగి ఉండడు.

సెప్టెంబరు 14

ఈ మిషను రాకముందు సార్ ప్రతి కంటికీ తనే చిన్న అద్దం ఆనించి మూల చూసేవారట. నర్సు పాపాయి గారు చెప్పింది. ఆ అద్దం ఇప్పుడు సొరుగులో ఉంది. స్కాన్ ఉంది గదా అని.

సార్ మంచి డాక్టరే. అందరూ అంటారు.

సెప్టెంబరు 15

ఆదివారం. అయినా ఫోనుకి లిస్టు వచ్చింది. ఇరవై రెండున షుగరు ఉన్నవాళ్ళకి కంటి వెనకవైపు పొర చూసే క్యాంపు. నలభై మూడు మంది. అందరికీ జూలై, ఆగస్టుల్లో స్కాన్ అయింది. అందరికీ తెరిచి ఉంది అని వచ్చింది. అందరికీ ఆ ఉదయం చుక్కలు వేస్తారు.

నలభై మూడు పేర్లు. పెనుగొండ నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఉన్నారు. ఎవరు ముందు కూర్చోవాలో తేలక నవ్వుకున్నవాళ్ళు. పేరు చూడగానే గుర్తొచ్చారు. వాళ్ళ కళ్ళల్లో నల్లగుడ్డుకీ లోపలి పొరకీ మధ్య జాగా తక్కువ. అప్పుడే అనిపించింది నాకు. మూల మాత్రం తెరిచే ఉంది.

వారం రోజులుంది.

సెప్టెంబరు 16

ఆటో కోసం నిలబడి రాస్తున్నాను. ఇంట్లో రాయలేను.

కారణం సిస్టర్ లూర్దు కాదు.

జూలై రెండో వారం. మిషను వచ్చిన నాలుగో రోజు. సార్ నాకు నేర్పిస్తున్నారు. అప్పటికి నన్ను నువ్వు అనేవారు, ఏమ్మా దుర్గా అనేవారు. ఆయనే లైటు ఆర్పారు, ఆయనే తలుపు వేశారు. చీకట్లోనే తియ్యాలి, అది గుర్తుపెట్టుకో అన్నారు. ఎదురుగా ఒక ముసలాయన స్టాండు మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. రెప్ప వెయ్యకుండా ఆకుపచ్చ చుక్కనే చూడమని చెప్పాం.

ఫోకసు కుదరలేదు. సార్ వెనక నిలబడి, మీట మీద ఉన్న నా చెయ్యి మీద చెయ్యి వేసి తిప్పారు. కుదిరింది. కాలువ కనబడింది. నేను మొదటిసారి చూడటం. చాలా బాగుంది అన్నాను, నిజంగానే అన్నాను. ఆ చెయ్యి తియ్యలేదు. రెండో చెయ్యి నా మెడ మీద, జడ కింద. ఒక స్కానుకి రెండు సెకన్లు. ఇంకోటి తియ్యి అన్నారు. తీశాను. ఇంకోటి అన్నారు. మూడు తీశాం. వేళ్ళు కదిలాయి, జాకెట్టు అంచుదాకా వచ్చాయి. ముసలాయన రెప్ప వెయ్యకుండా ఆకుపచ్చ చుక్కనే చూస్తూ ఉన్నాడు. మంచి పేషెంటు.

అంతే. ఇంకేమీ జరగలేదు. రాస్తే ఇంతే ఉంది.

మర్నాడు నేను లైటు వేసి, తలుపుకి స్టూలు పెట్టి కూర్చున్నాను. సార్ గుమ్మం దాకా వచ్చారు. స్టూలు చూశారు, ట్యూబులైటు చూశారు, వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి మీరు అంటున్నారు. దుర్గాశ్రీ గారు అంటున్నారు. ఆ గదిలోకి మళ్ళీ రాలేదు. నేను గెలిచాననుకున్నాను.

మూడు వందల పన్నెండు మందికి అలా తీశాను. అందరికీ చీకటి అని టిక్ పెట్టాను.

సెప్టెంబరు 17

సార్ గది ముందు నుంచి నాలుగుసార్లు నడిచాను. ఒకసారి ఆయనే తలెత్తి ఏమన్నా కావాలా అన్నారు. స్టేప్లర్ కావాలన్నాను. ఇచ్చారు.

సెప్టెంబరు 18

చెప్పాను.

ఓపీ అయ్యాక వెళ్ళాను. తలుపు తీసే ఉంచాను. పన్నెండు ఫొటోలు ప్రింటు తీసి, ప్రతిదాని మీదా పాప కొలత ఎర్రసిరాతో రాసి తీసుకెళ్ళాను. పెనుగొండ అక్కాచెల్లెళ్ళవి పైన పెట్టాను. ఏం చెప్పాలో ఆటోలో వరుసగా అనుకున్నాను, అందులో సగం ఇంగ్లీషులో ఉంది. నోరు తెరిస్తే ఒక్కటే వచ్చింది.

"సార్, పాపలు చూడండి. చీకట్లో ఇలా ఉండవు."

ఆయన కాగితాలు ముట్టుకోలేదు. పైదాని వైపు చూశారు, చదవాల్సిన అవసరం లేనట్టు.

"తెలుసండి," అన్నారు.

అర్థం కాలేదు. ఎప్పుడు తెలిసిందని అడిగాను.

"జూలైలోనే. రోజూ నేనే గదా చూసేది."

"మరి చెప్పలేదేం సార్?"

ఆయన కలానికి మూత పెట్టారు, మళ్ళీ తీశారు.

"చెబితే, లైటు ఎందుకు ఆర్పట్లేదని మిమ్మల్ని అడగాలి గదండి."

బయట పాపాయి గారు ఎవరికో చుక్కలు వేస్తూ, కళ్ళు మూసుకోండి, నలపకండి అంటోంది. ఆ మాటే రెండుసార్లు వినబడింది.

ఆయన కళ్ళల్లోకి చూశాను. రెండు నెలల తర్వాత చూడటం. సిగ్గుపడుతున్నారు. అది చూస్తే ఇంకా అసహ్యం వేసింది. సిగ్గు జూలైలోనే ఉంది, చదువు ఉంది, కళ్ళు ఉన్నాయి. నోరు తెరిచి లైటు ఆర్పండి అంటే చాలు. ఆ రెండు మాటలకి బదులు రత్తమ్మ కన్ను ఇచ్చారు. అద్దం సొరుగులోంచి తీసినా సరిపోయేది. తియ్యలేదు. తీస్తే నా స్కాన్లు నమ్మట్లేదని తెలుస్తుంది, ఎందుకని ఎవరన్నా అడుగుతారు.

ఇదంతా అనలేదు. ఇక్కడ రాస్తున్నాను. అక్కడ ఒక్క మాటే అన్నాను, ఆదివారం నలభై మూడు మందికీ చుక్కలు వెయ్యకముందే చీకట్లో మళ్ళీ తియ్యాలి అని. వెంటనే ఒప్పుకున్నారు. చాలా వెంటనే. రత్తమ్మ కాగితం కూడా మార్చాలి అన్నాను.

"దానివల్ల ఆవిడకి ఒరిగేదేముందండి, కన్ను ఎలాగూ తిరిగి రాదు," అన్నారు. తర్వాత, "మీకే ఇబ్బంది. టిక్ పెట్టింది మీరు," అన్నారు. బెదిరించినట్టు లేదు. జాలి పడినట్టు ఉంది.

నిజమే. టిక్ పెట్టింది నేను.

సెప్టెంబరు 19

రత్తమ్మ ఫైలు తెరిచాను. పాత టిక్ తీసెయ్యడానికి మిషను ఒప్పుకోదు, కింద రాయడానికి ఒప్పుకుంటుంది. రాశాను: స్కాన్ వేళ గదిలో లైటు వేసి ఉంది, ఈ ఫలితం నమ్మడానికి లేదు. పేరు, తారీకు. కాగితం మీద కూడా రాసి సంతకం పెట్టాను. మిగతా మూడు వందల పదకొండూ రాయాలి. ఈరోజు నలభై అయ్యాయి.

ఆయా రాణిని అడిగాను, ఆదివారం స్కాన్ గదిలో నాతో కూర్చుంటావా అని. "దానికేముందండి, కూర్చుంటా. ఇక్కడైతే ఫ్యానన్నా ఉంది," అంది. ఎందుకని అడగలేదు. తలుపుకి అడ్డం పెట్టే స్టూలే లోపలికి తెచ్చి వేశాను.

అంత సులువు. జూలైలో కూడా రాణి ఇక్కడే ఉంది. స్టూలూ ఇక్కడే ఉంది.

సెప్టెంబరు 22

నలభై మంది వచ్చారు. లైటు ఆర్పి, తలుపు వేసి తీశాను. రాణి స్టూలు మీద కూర్చుని కునికిపాట్లు పడింది. ప్రతి పేషెంటుకీ ముందు స్టూలు వైపు ఒకసారి చూసుకున్నాను.

ఆరుగురికి మూసుకుపోయి ఉంది. మొన్నటిదాకా తెరిచి ఉన్న మూలలే. చీకటి పడగానే పొర వచ్చి జల్లెడకి అతుక్కుపోయింది, కాలువ ముందు తలుపు వేసినట్టు. పెనుగొండ వాళ్ళలో చెల్లెలు ఒకరు. ఆరుగురికీ చుక్కలు ఆపి, ముందు లేజరు అన్నారు సార్. మధ్యాహ్నం అందరి ముందూ, దుర్గాశ్రీ గారి శ్రద్ధ వల్ల ఆరుగురి కళ్ళు కాపాడగలిగాం అన్నారు. చప్పట్లు కొట్టారు. పెనుగొండ ఆమె ప్రసాదం పొట్లం నా చేతిలో పెట్టింది.

ప్రసాదం రాణికిచ్చాను.

సెప్టెంబరు 27

రత్తమ్మ ఎడమకన్ను చూపించుకోవడానికి వచ్చింది. రంధ్రం పెట్టాక మూల బాగా తెరుచుకుందో లేదో చూడాలి. గడ్డం ఆనించింది. రాణి స్టూలు మీద ఉంది. లైటు ఆర్పాను.

"అదేంటమ్మా, లైటు తీసేశావు?" అంది రత్తమ్మ. "ఆ రోజు తియ్యలేదుగా."

నెల రోజులుగా ఆమెకి తెలుసు. ఆమెని ఎవరూ అడగలేదు. అడగాలని నాకూ తోచలేదు.

తియ్యలేదు, అన్నాను. తియ్యాలి అన్నాను. తీసుంటే మీ కన్ను ఇరుకని తెలిసేది, ఆ చుక్కలు వేసేవాళ్ళు కారు, ఇలా అయ్యేది కాదు అన్నాను. స్టూలు కిర్రుమంది. రాణి వింటోంది. విననీ.

రత్తమ్మ గడ్డం తియ్యలేదు. ఆకుపచ్చ చుక్కనే చూస్తోంది.

"ఇన్నేళ్ళూ లేంది ఇప్పుడు ‘మీరు’ అంటావేంటి," అంది ముందు. తర్వాత, "ఎందుకు తియ్యలేదు?"

"భయమేసింది."

"నన్ను సూసా?"

"కాదు."

"ఆ డాక్టరా?"

స్కాన్ తీశాను. రెండు సెకన్లు.

"నోరు లేదేంటి నీకు," అంది. గొంతు పెంచలేదు. "మా రేవులో ఎవడన్నా సెయ్యేత్తే ఊరంతా ఇనపడేలా కేకేత్తాం. నీకు రెండు బాసలొచ్చు గదా. ఒక్కదాంట్లో అన్నా కేకెయ్యలేకపోయావా?"

ఎడమకన్ను మూల తెరిచి ఉంది. చీకట్లో తెరిచి ఉంది. కాలువ స్పష్టంగా ఉంది. ఆ మాట చెప్పాను. సరే అంది. వీరబాబుకి నేను చెప్పనా అని అడిగాను. ఆడికి చెప్పాలో వద్దో నేను చూసుకుంటాను, నువ్వు నా కొడుకు దగ్గరికి రాకు అంది. లేచి, గోడ పట్టుకుని, తలుపు తీసి, వెలుతుర్లో వెనక్కి తిరిగింది.

"మీ అమ్మకి తెలుసా?"

"లేదు."

"చెప్పకు. సిగ్గుపడి నా దగ్గర కొనడం మానేత్తాది. ఒక కన్నూ పోయి, ఒక ఇల్లూ పోతే ఎలాగ?"

వెళ్ళిపోయింది. రాణి లేచి లైటు వేసింది. నా ముఖం చూసి మళ్ళీ ఆర్పింది.

సెప్టెంబరు 30

మూడు వందల పన్నెండూ రాయడం అయింది. సార్ చూశారు. నెల జీతంతో పాటు ఒక కాగితం ఇచ్చారు, నవంబరు నుంచి నన్ను కళ్ళజోళ్ళ విభాగానికి మార్చినట్టు. అక్కడ వెలుతురు బాగుంటుందండి, అన్నారు.

అక్టోబరు 6

ఆదివారం. రత్తమ్మ బొచ్చె చేప తెచ్చింది. అరుగు మీద కత్తిపీట ముందు ముఖం కుడివైపుకి తిప్పి కూర్చుంటోంది ఇప్పుడు. చూపుడు వేలికి గుడ్డపీలిక కట్టుకుని ఉంది. నన్ను చూసింది, పలకరించలేదు. మామూలుగా కూడా పలకరించదు.

ఆమె వెళ్ళాక అమ్మ ముక్కలు కడుగుతూ అంది, ఈమధ్య పొలుసు సరిగా తియ్యట్లేదు, ముక్కలు కూడా ఒక్క తీరుగా కొయ్యట్లేదు, పాపమే గానీ ఎన్నాళ్ళని, వెనక వీధికి ఇంకొకామె వస్తోంది, ఆమె శుభ్రంగా చేసిస్తోందట.

రత్తమ్మ దగ్గరే కొను, అన్నాను.

అమ్మ చేతిలో ముక్క జారి గిన్నెలో పడింది. నాన్న వీధిలోంచి లోపలికి వచ్చి ఏమైందని అడిగాడు. "ఏమో, కేకేసింది," అంది అమ్మ. "చేపల గురించి కేకేసింది."

నాకు మామూలుగానే అన్నట్టుంది.

భోజనంలో నా ముక్కకి పొలుసు ఉంది. తీసి కంచం అంచున పెట్టి, తిన్నాను.